టార్గెట్ పిస్టల్ కొందామనుకుంటున్నారా? .22 కంటే ముందు 4.5 ఎంఎం సంగతి చూడండి

యూట్యూబ్‌లో 'బిగినర్స్‌కు బెస్ట్ .22 పిస్టల్' అని కొట్టి చూడండి. వచ్చే వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, కాస్త పాత సరుకంటే మోజున్నవాళ్లకు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41. మనం ఫోన్‌ను రివ్యూ చేసినట్టే టేబుల్ మీద పెట్టి గ్రిప్ ఎలా ఉంది, ట్రిగ్గర్ ఎలా ఉంది, పెట్టిన డబ్బుకు తగ్గదేనా అని చెప్పుకుంటూ పోతారు. చూస్తుంటే కొనేయాలనిపిస్తుంది. కానీ అవన్నీ అమెరికాలో షాపుకెళ్లి కొనుక్కునేవాళ్ల కోసం తీసిన వీడియోలు. మాదాపూర్‌లోనో, కొండాపూర్‌లోనో ఉండి వీకెండ్‌లో టార్గెట్ షూటింగ్ నేర్చుకుందామనుకునే మనకు ఆ లిస్టు ఏమాత్రం పనికిరాదు.

అలాగని నిరాశపడక్కర్లేదు. ఈ విషయంలో ఐటీ కారిడార్ వాళ్లు అదృష్టవంతులే. గచ్చిబౌలిలో హెచ్‌సీయూ క్యాంపస్‌లోనే షూటింగ్ రేంజ్ ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన ఊరివాడే. ఇక పిస్టల్ అంటే ఈషా సింగ్ పేరు చెప్పుకోవాలి. చిన్నప్పుడు గచ్చిబౌలిలోనే పిస్టల్ పట్టిన ఈ అమ్మాయి 2018లో, 13 ఏళ్లకే, ఎయిర్ పిస్టల్‌లో నేషనల్ ఛాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో నాలుగు మెడల్స్ తెచ్చింది. వాటిలో రెండు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో, మిగతా రెండు 25 మీటర్ల .22 పిస్టల్‌లో. ముందు ఎయిర్, తర్వాత .22. మన కొనుగోలు కూడా ఇదే వరసలో ఉండాలి. ఎందుకో చెప్తా.

అసలు .22 అంటే అంత మోజెందుకు?

.22 ఎల్‌ఆర్ అనేది 1887 నాటి తూటా. దీన్ని రిమ్‌ఫైర్ అంటారు, ఎందుకంటే మందును అంటించే పదార్థం తూటా అడుగున మధ్యలో కాకుండా చుట్టూ ఉండే అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచు మీద కొడితే పేలుతుంది. తయారీ సులువు, ధర తక్కువ, రీకాయిల్ దాదాపు ఉండదు. అందుకే లైసెన్సుల గొడవ తక్కువగా ఉన్న దేశాల్లో నేర్చుకునేవాళ్ల చేతిలో మొదట పెట్టేది ఇదే.

మన దగ్గర మాత్రం .22 పిస్టల్ పూర్తిగా ఫైర్ ఆర్మ్ కిందికే వస్తుంది. 1959 ఆర్మ్స్ యాక్ట్, 2016 ఆర్మ్స్ రూల్స్ రెండూ వర్తిస్తాయి. హైటెక్ సిటీ ఏరియాలో ఉంటే సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్‌లో అప్లై చేసుకోవాలి. వెరిఫికేషన్, మెడికల్ సర్టిఫికెట్, ఆయుధాన్ని సేఫ్‌గా వాడటంలో ట్రైనింగ్ లాంటివన్నీ ఉంటాయి. 'హాబీ కోసం' అని రాస్తే ఇచ్చేస్తారనుకోకండి.

సరే, లైసెన్స్ వచ్చిందే అనుకుందాం. కొనడానికి ఏముంది? 1980ల నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. పేరున్న షూటర్లకు, అంటే నేషనల్ ఛాంపియన్‌షిప్‌లో నిర్దేశించిన స్కోరు కొట్టినవాళ్లకు మాత్రం పోటీ పిస్టల్ తెప్పించుకునే వీలుంది. మిగతావాళ్లకు దిక్కు పాత ఇంపోర్టెడ్ సరుకు, లేదంటే మన దేశంలో తయారైనవి. ఈ పాతవాటి రేట్లు చూస్తే సెకండ్ హ్యాండ్ ఐఫోన్ రేట్లు ధర్మంగా అనిపిస్తాయి. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .22 రివాల్వర్ 'నిడర్' అయితే జేబులో పట్టే ఆత్మరక్షణ ఆయుధం. దాని పొట్టి బ్యారెల్‌తో 25 మీటర్ల దూరంలో పది రింగును కొట్టాలనుకోవడం సెల్ఫీ కెమెరాతో చంద్రుడిని ఫోటో తీయడం లాంటిదే.

20 జౌల్స్ గీత

ఎయిర్ పిస్టల్ సంగతి పూర్తిగా వేరు. 2016 రూల్స్ ప్రకారం బోర్ .177 అంగుళం, అంటే 4.5 ఎంఎం దాటకుండా, మజిల్ ఎనర్జీ 20 జౌల్స్ మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. రెండు షరతులూ నెగ్గాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఎయిర్ గన్స్‌లోనూ .22 సైజు ఉంటుంది, అది 5.5 ఎంఎం పెల్లెట్. పవర్ ఎంత తక్కువైనా సరే, దానికి ఈ మినహాయింపు లేదు. ఆన్‌లైన్‌లో పెల్లెట్ సైజు చూడకుండా ఆర్డర్ పెట్టొద్దు.

ఈ 20 జౌల్స్ ఎంతో ఒక లెక్క చూద్దాం. పోటీలకు వాడే 4.5 ఎంఎం పెల్లెట్ సుమారు అర గ్రాము ఉంటుంది. మ్యాచ్ పిస్టల్ నుంచి సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది. అంటే ఎనర్జీ ఆరు జౌల్స్‌కు అటూఇటూ. ఇక .22 ఎల్‌ఆర్ బుల్లెట్ రెండున్నర గ్రాముల బరువుతో, పిస్టల్ నుంచి వెళ్లినా వంద జౌల్స్ పైనే. చట్టం ఈ రెంటినీ ఎందుకు వేరు చేసిందో ఇక వేరే చెప్పాలా?

ఈ లెక్కలోనే ఇంకో విషయం ఉంది. ఒలింపిక్ మెడల్స్ గెలిచే పిస్టల్ పవర్ ఆరు జౌల్స్. మరి ఆన్‌లైన్ లిస్టింగుల్లో పెద్దక్షరాలతో కనిపించే 'హై ఎఫ్‌పీఎస్' దేనికి? టార్గెట్ షూటింగ్‌కైతే దేనికీ కాదు. ఫోన్లలో 200 మెగాపిక్సెల్ స్టిక్కర్ లాంటిదే అది. పది మీటర్ల దూరంలో పది రింగు వ్యాసం 11.5 ఎంఎం, మన ఒక రూపాయి నాణెం కంటే చిన్నది. దాన్ని కొట్టేది వేగం కాదు, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు పిస్టల్‌ను కదలనివ్వని చెయ్యి.

ఏ రకం తీసుకోవాలి?

మార్కెట్లో ఎక్కువగా ఊరించేవి సీఓ2 పిస్టళ్లు. అచ్చం గ్లాక్‌లానో, బెరెట్టాలానో ఉంటాయి. 12 గ్రాముల గ్యాస్ గొట్టం పెట్టి టపటపా కాల్చొచ్చు. సరదాకు బాగానే ఉంటాయి గానీ నేర్చుకోవడానికి నేను సజెస్ట్ చేయను. సీఓ2 ప్రెషర్ వేడిని బట్టి మారుతుంది. వరసగా కాలిస్తే గొట్టం చల్లబడి పెల్లెట్ కిందికి జారుతుంది. మే నెలలో ఆఫీస్ పార్కింగ్‌లో ఎండకు మాడే కారులో ఈ గొట్టాలు వదిలేయడం అసలే వద్దు. ఇంకో మాట, చూడ్డానికి నిజం తుపాకీలా ఉన్నదాన్ని పట్టుకుని కేబుల్ బ్రిడ్జి మీద రీల్స్ చేస్తే పోలీసులు ముందు లైసెన్స్ రూల్స్ చదివి ఆ తర్వాత రారు!

రెండో రకం ఒక్కసారి లివర్ లాగి గాలి నింపి ఒక్క షాట్ కాల్చేవి. గామో కాంపాక్ట్, వైరాక్ హెచ్‌డబ్ల్యూ40, పాత రష్యన్ బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం ఈ కోవలోవి. సిలిండర్ లేదు, పంప్ లేదు, రిపేరు తక్కువ. ప్రతి షాట్‌కూ లివర్ లాగాలి కాబట్టి చెయ్యి లాగుతుంది. అయితే ఆ బలవంతపు విరామం వల్ల తొందరపడి కాల్చే అలవాటు రాదు. తక్కువ బడ్జెట్‌లో నా ఓటు వీటికే.

మూడోది అసలైన మ్యాచ్ పిస్టల్. స్టైర్ ఈవో 10, మొరీని సీఎం 162, వాల్తర్ ఎల్‌పీ500, పార్దీని కే12, ఫైన్‌వెర్క్‌బావ్ పీ8ఎక్స్. సిలిండర్‌లో 200 బార్ గాలి నింపుకుంటే ఒక ప్రాక్టీస్ సెషన్‌కు ఢోకా లేదు. కొత్తవి లక్షన్నర, రెండు లక్షలు దాటుతాయి. వీటి మధ్య తేడాల గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లున్నారు. నిజానికి బిగినర్ స్కోరులో ఆ తేడా కనిపించదు.

కనిపించే తేడా ఒకటుంది, అది గ్రిప్. ఈ పిస్టళ్ల చెక్క గ్రిప్ చేతికి తొడిగినట్టు ఉండాలి. స్మాల్, మీడియం, లార్జ్ సైజుల్లో, కుడిచేతికి, ఎడమచేతికి వేరువేరుగా వస్తుంది. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో సరిపోదు. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి టార్గెట్ వైపు చాచి, కళ్లు తెరవండి. ముందు సైట్, వెనక గాడి మధ్యలో దానంతటదే కూర్చుంటే గ్రిప్ మీదే. ప్రతిసారీ మణికట్టు తిప్పి సరిచేసుకోవాల్సి వస్తోందంటే రెండు లక్షల పిస్టల్ అయినా వదిలేయండి. ఈ టెస్ట్ ఆన్‌లైన్‌లో కుదరదు, రేంజ్‌కు వెళ్లాల్సిందే.

ట్రిగ్గర్ విషయానికొస్తే, రూల్స్ ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాముల బరువుండాలి. 25 మీటర్ల .22కు అయితే కిలో. మెకానికల్ కొనాలా, ఎలక్ట్రానిక్ కొనాలా అన్నది మన సైట్ రీడర్లకు ఇష్టమైన ప్రశ్న. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ స్విచ్ నొక్కినంత శుభ్రంగా తెగుతుంది, బ్యాటరీ మీద నడుస్తుంది. కానీ టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌కు ఏమైందో గుర్తుంది కదా. క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, చివరికి 575తో 12వ స్థానం. అదే మనూ పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచింది, అది వేరే కథ. అక్కడ పక్కనే కోచ్‌లు, స్పేర్ పిస్టల్ ఉండి కూడా అంత ఇబ్బంది అయితే, సర్వీస్ సెంటర్ దగ్గర్లో లేని మనకు మెకానికల్ నయం.

.22 ఇవ్వలేనిది

ఇది చాలామందికి తెలియదు. పిస్టల్ షూటర్లు చేసే ప్రాక్టీస్‌లో చాలా భాగం పెల్లెట్ లేకుండానే జరుగుతుంది. దాన్ని డ్రై ఫైర్ అంటారు. గోడ మీద తెల్ల కాగితం అంటించి, సైట్ చూస్తూ, పిస్టల్ కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. మ్యాచ్ ఎయిర్ పిస్టళ్లలో దీనికి ప్రత్యేకంగా ఒక మోడ్ ఉంటుంది. గాలి పోదు, క్లిక్ మాత్రం అచ్చం అలాగే వస్తుంది. రిమ్‌ఫైర్‌లో ఇలా ఖాళీగా నొక్కుతూ పోతే చాలా మోడల్స్‌లో ఫైరింగ్ పిన్ వెళ్లి చాంబర్ అంచుకు కొట్టుకుని రెండూ దెబ్బతింటాయి. అంటే అమెరికా వాళ్లు ప్రాక్టీస్‌కు బెస్ట్ అని చెప్పే .22 కంటే, ఇంట్లో రోజూ ఇరవై నిమిషాల ప్రాక్టీస్‌కు ఎయిర్ పిస్టలే సరైనది.

ఇక గాడ్జెట్ ప్రియులకు ఇష్టమైన భాగం. స్కాట్ అనే రష్యన్ సిస్టమ్‌లో బ్యారెల్‌కు చిన్న ఆప్టికల్ సెన్సర్ తగిలిస్తే, మీరు గురిపెట్టినంతసేపూ పిస్టల్ టార్గెట్ మీద ఎలా తిరిగిందో లాప్‌టాప్ స్క్రీన్ మీద గీత గీసి చూపిస్తుంది. మ్యాంటిస్ ఎక్స్ సెన్సర్ అయితే బ్లూటూత్‌తో ఫోన్ యాప్‌కు కనెక్ట్ అయి, ట్రిగ్గర్ నొక్కినప్పుడు చెయ్యి ఎటు లాగిందో చెబుతుంది. మంచివే. కానీ మొదటి ఆరు నెలల్లో వీటి అవసరం లేదు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత గుర్తు తెచ్చుకోండి. ఆ డబ్బుతో కోచ్ దగ్గర క్లాసులు తీసుకోవచ్చు. పారిస్‌లో ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, ప్రత్యేకమైన షూటింగ్ కళ్లజోడు లేకుండా సిల్వర్ కొట్టిన టర్కీ యూసుఫ్ డికెచ్ ఫోటో మీరంతా షేర్ చేసే ఉంటారు.

కళ్లజోడంటే గుర్తొచ్చింది. షూటింగ్‌లో ఫోకస్ టార్గెట్ మీద కాదు, చాచిన చేతి చివరనున్న ముందు సైట్ మీద ఉండాలి. టార్గెట్ మసగ్గానే కనిపించాలి. రోజంతా మానిటర్ చూసి నలభై దాటాక ప్రోగ్రెసివ్ లెన్స్ పెట్టుకున్నవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. పిస్టల్ మార్చడానికి ముందు కళ్ల డాక్టర్ దగ్గర ఆ దూరానికి సింగిల్ విజన్ లెన్స్ రాయించుకుంటే స్కోరు పెరగొచ్చు. మౌస్ పట్టి పట్టి మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు కూడా కిలో బరువును ఒంటి చేత్తో గంటసేపు ఎత్తి చూశాకే డబ్బు కట్టండి.

ఇంట్లో కాల్చొచ్చా అని అడుగుతారు. పది మీటర్ల ఖాళీ ఉన్న హాలు మన త్రీబీహెచ్‌కే ఫ్లాట్లలో ఎక్కడుంది? డ్రై ఫైర్‌కు ఐదు మీటర్లు చాలు, టార్గెట్ సైజు తగ్గించుకోవచ్చు. పెల్లెట్‌తో మాత్రం రేంజ్‌లోనే కాల్చండి. బాల్కనీ అన్న ఆలోచనే రానివ్వొద్దు. పెల్లెట్లు సీసంవి, కాల్చాక చేతులు సబ్బుతో కడగకుండా ఏమీ తినొద్దు. పిస్టల్‌కు తాళం ఉన్న పెట్టె తప్పనిసరి, బిల్లు కూడా అందులోనే ఉంచండి. రేంజ్‌కు బైక్ మీదో కారులోనో తీసుకెళ్లండి. మెట్రో స్కానర్‌లో అది మామూలు పిస్టల్‌లాగే కనిపిస్తుంది.

మరి .22 ఎప్పుడు? ఎయిర్ పిస్టల్‌లో స్కోరు నిలకడగా వస్తూ, తెలంగాణ రైఫిల్ అసోసియేషన్ ద్వారా పోటీలకు వెళ్లడం మొదలయ్యాక. 25 మీటర్ల ఈవెంట్‌లో ర్యాపిడ్ దశ ఉంటుంది. టార్గెట్ మూడు సెకన్లే కనిపిస్తుంది, ఆ మూడు సెకన్లలో చెయ్యెత్తి ఒక షాట్ కాల్చాలి. ఆ ట్రిగ్గర్ కంట్రోల్ పది మీటర్ల దగ్గర నేర్చుకున్నదే. అప్పటికి లైసెన్స్ అప్లికేషన్‌కు చూపించడానికి మీ దగ్గర స్కోరు షీట్లు కూడా ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ మ్యాచ్ పిస్టల్ చూస్తుంటే చివరగా ఒక చెక్. చాలామంది రెండేళ్లు ఆడి అమ్మేస్తుంటారు, మంచి బేరాలే దొరుకుతాయి. గ్రిప్ మీ చేతికి పడకపోతే గ్రిప్ ఒక్కటే మార్చుకోవచ్చు. సిలిండర్ మీద చెక్కిన తేదీ మాత్రం తప్పకుండా చదవండి. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో అనుమతించరు. 200 బార్ ప్రెషర్‌ను మొహానికి అంత దగ్గరగా పెట్టుకునేటప్పుడు మీరూ అనుమతించకూడదు. కొత్త సిలిండర్ ధర బేరంలో తగ్గించమని అడగండి.