చెట్టుకు కాసిన నిర్మల్ పండ్లు

క్రిస్మస్ చెట్టు ఎక్కడో జర్మనీలో పుట్టి ఉండొచ్చు. దాని కొమ్మలకు వేలాడదీసేవి మాత్రం మన చేతుల మీదే తయారైతే? కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో అందుకు కావాల్సిన కర్ర ఉంది, వెండి తీగ ఉంది, చేనులో దూదీ ఉంది!

ఆదిలాబాద్‌లో మంచు కురవదు... పత్తి విచ్చుకుంటుంది. చలికాలం వచ్చిందంటే తెలంగాణలో అందరికంటే ఎక్కువగా గజగజలాడేది ఈ జిల్లావాసులే. తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు జారిపోయే రోజులు ఏటా ఉంటాయి. వాకిట్లో చలిమంట, మఫ్లర్లు చుట్టుకున్న పెద్దలు, ఊరు దాటితే తెల్లటి పత్తిచేలు. క్రిస్మస్ కార్డుల మీద కనిపించే మంచుకు ఇక్కడి పిల్లలకు తెలిసిన రూపం దూదే. సరుగుడు కొమ్మనో, కుండీలో పెంచిన మొక్కనో తెచ్చి ముందు గదిలో నిలబెట్టి, దాని మీద దూది పింజలు అతికిస్తే సగం పండగ వచ్చినట్టే.

మిగతా సగం కోసం బజారుకు పరుగు. మెరుపు కాగితం దండలు, ప్లాస్టిక్ బంతులు, గంటలు, మీట నొక్కితే వెలిగే దీపాల తోరణం. అన్నీ డబ్బాలోంచి తీసి తగిలించడమే. అరగంటలో పని అయిపోతుంది. ఆ అరగంటలో పిల్లలు చేసేదేమిటంటారా? చూడడం!

ఈ బంతుల కథ మాత్రం ఆసక్తిగా ఉంటుంది. జర్మనీలో తొలినాళ్ల చెట్లకు బంతులు లేవు. ఉన్నవి ఆపిల్ పండ్లు. ఆదాము, అవ్వల కథను నాటకంగా ఆడేటప్పుడు ఏదెను తోటకు గుర్తుగా పచ్చటి చెట్టుకు ఆపిళ్లు కట్టేవారు. ఆ అలవాటే ఇళ్లలోకి వచ్చింది. పండ్లు, గింజలు, బిస్కెట్లు, కాగితం పూలు... చెట్టు నిండా తినేవీ, చేత్తో చేసినవే. 1847 ప్రాంతంలో లౌషా అనే కొండ ఊళ్లో గాజు ఊదే పనివాళ్లు పండ్ల ఆకారంలో గాజు బుడగలు చేయడం మొదలుపెట్టారు. నిజమైన పండ్లు కొనలేని ఓ పేద పనివాడి ఆలోచన అదని కథ చెబుతారు. ఇంటాయన గాజు ఊదితే, ఇల్లాలు లోపల వెండి పూత పూస్తే, పిల్లలు కొక్కేలు తగిలించేవారట. 1880లో వూల్‌వర్త్ అనే అమెరికా వ్యాపారి మనసొప్పకుండానే కొద్దిగా సరుకు కొన్నాడు. ఇట్టే అమ్ముడైపోయింది. ఆ తర్వాత ప్రపంచమంతా గాజు బంతులే. ఇప్పుడు మన బజార్లో దొరికే ప్లాస్టిక్ బంతి వాటి మనుమరాలన్నమాట.

అంటే ఆ బంతి మొదట్లో ఓ పండు. ఉత్తుత్తి పండు. అచ్చం నిజమైన పండులా కనిపించే ఉత్తుత్తి పండు చేయడంలో పేరున్న ఊరు మనకు దగ్గర్లోనే ఉంది కదా!

పొనికి కర్ర... పండు రంగు

నిర్మల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది నల్లటి పలక మీద బంగారు రంగు బొమ్మ. కానీ ఆ ఊరి పనితనం అసలు తెలిసేది కూరగాయల దగ్గర, పండ్ల దగ్గర. బుట్టలో పెట్టిన మామిడి, సీతాఫలం, వంకాయ, పచ్చిమిర్చి చూసి చేయి చాచనివాళ్లు తక్కువ. చేతిలోకి తీసుకున్నాకే తెలుస్తుంది, అందులో బరువు లేదని.

ఆ తేలికదనమంతా పొనికి కర్రది. ఆదిలాబాద్ అడవుల్లో పెరిగే ఈ చెట్టు కర్ర మెత్తగా ఉంటుంది, ఉలికి సులువుగా లొంగుతుంది, ఆరాక చాలా తేలిక. నకాషీలు అని పిలిచే ఇక్కడి కళాకారులకు 17వ శతాబ్దంలో నిమ్మనాయుడి ఆదరణ దొరికిందని చెబుతారు. ముక్కను కోసి, చెక్కి, ఆకారం తెచ్చాక అతుకులు, పగుళ్లు కనబడకుండా చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడుస్తారు. ఆరాక నునుపు చేసి, తెల్లసుద్ద పూసి, ఆ తర్వాత రంగు వేస్తారు. ఒకప్పుడు ఆకులు, రాళ్ల నుంచి తీసిన రంగులు, ఇప్పుడు ఎక్కువగా డబ్బా రంగులు. 1955లో ఏర్పడిన సహకార సంఘం నేటికీ నిర్మల్ కళకు కేంద్రం. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో ఆదిలాబాద్ నుంచి వేరుపడి నిర్మల్ తానే ఓ జిల్లా అయింది.

గుర్తింపు సరే, కర్ర మాటేమిటి? పొనికి చెట్టు ఏడాదిలో పెరిగేది కాదు. అడవిలో తగ్గిపోతోంది. కావాల్సినప్పుడల్లా కొట్టుకొచ్చే వీలు లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్లూ తక్కువే. పెద్ద హంసకో, ఏనుగుకో మంచి దుంగ కావాలి. అదే చెట్టుకు వేలాడదీసే నిమ్మకాయకైతే? ఉసిరికాయంత ముక్క చాలు. పెద్ద బొమ్మ చెక్కగా మిగిలిన చెక్కలోంచీ వస్తుంది. కొమ్మ వంగదు, కిందపడినా పగలదు. తేలికగా ఉండాలి, రంగు మెరవాలి, పిల్లాడి చేతికి గుచ్చుకోకూడదు... చెట్టు అలంకరణకు ఇంతకంటే ఏం కావాలి? నిర్మల్ వెళ్లినప్పుడు, హైదరాబాద్‌లో గోల్కొండ షోరూములకు వెళ్లినప్పుడు చిన్న పండ్లు, పిట్టలు ఎంచుకుని, పైన సన్నటి దారం కొక్కెం బిగించుకుంటే సరిపోతుంది. పది పండ్లతో మీ చెట్టు లౌషా బంతుల కంటే ముందు కాలానికి వెళ్లిపోతుంది!

వంటింట్లోనే చేసుకుందాం

ఉలి పట్టనక్కర్లేకుండా ఇంట్లో చేసుకునే దారి కూడా ఆ పగుళ్లు పూడ్చే ముద్దలోనే ఉంది. పావుకిలో చింతగింజలు వేయించి, దంచి పైపొట్టు తీసేయాలి. రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి సన్నని సెగ మీద ఉడికించాలి. గంజి కంటే చిక్కగా, వేలికి అంటుకునేలా రావాలి. వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టును జల్లించి, మెత్తటిది మాత్రమే అందులో కలిపి చపాతీ పిండిలా పిసకాలి. నిమ్మ, జామ, సీతాఫలం... పిల్లలకు ఏది చేతనైతే అది. తడిగా ఉండగానే పైన వంచిన తీగ ముక్క గుచ్చాలి. ఆరాక గుచ్చితే పగులుతుంది.

ఇక ఎండలో పెట్టకండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పైన త్వరగా ఆరి లోపల తడి ఉండిపోతే మర్నాటికి బీటలే. నీడలో నాలుగైదు రోజులు, మధ్యలో తిప్పుతూ ఆరబెట్టాలి. బీటలొస్తే అదే ముద్దతో పూడ్చండి. ఉప్పుకాగితంతో రుద్ది, సుద్ద పూసి, రంగు వేయండి. క్రిస్మస్‌కు కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలన్నమాట. మొదటిసారి చేసిన జామకాయ బంగాళాదుంపలా వస్తుంది. పచ్చరంగు వేస్తే ఎవరూ కనిపెట్టరు లెండి.

గ్రాముల లెక్క

కరీంనగర్ పేరు చెప్పగానే వెండి తీగ పని గుర్తుకు రావాలి. ఎలగందులలో మొదలై కరీంనగర్‌కు చేరిన ఈ ఫిలిగ్రీకి సుమారు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉందంటారు. 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో ఢిల్లీ జీ-20 సదస్సు అతిథులు ధరించిన అశోకచక్రం బ్యాడ్జీలు ఇక్కడి పనివాళ్ల చేతుల్లో రూపుదిద్దుకున్నవే.

వెండిని కరిగించి కడ్డీగా పోసి, కమ్మచ్చులో పెట్టి లాగుతారు. కమ్మచ్చు అంటే వరుసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక. ఒక్కో రంధ్రం దాటేకొద్దీ తీగ సన్నబడుతుంది. రెండు తీగల్ని మెలేసి, చదును చేసి, చిమటాతో తీగలు, ఆకులు, చుట్టలుగా వంచి, కాస్త మందమైన తీగతో చేసిన చట్రంలో ఇరికిస్తారు. వెలిగారం, టంకం పొడి చల్లి వేడి చేస్తే అన్నీ అతుక్కుంటాయి. వేడి ఒక్క క్షణం ఎక్కువైతే ఆ చట్రమంతా ముద్ద. చూపు, ఊపిరి రెండూ బిగబట్టి చేసే పని.

పాందాన్‌లు, అత్తరుదాన్‌లు, ట్రేలు ఈ పనికి పేరు తెచ్చిపెట్టాయి. కానీ 2025లో కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటిపోయింది. అంటే గ్రాము వంద పైమాటే! అరకిలో తూగే పళ్లెం కొనాలంటే మధ్యతరగతి ఇల్లు ఆలోచిస్తుంది. అదే నాలుగైదు గ్రాముల నక్షత్రమో, మంచు పువ్వో అయితే? వెండి ఖర్చు పళ్లెమంత ఉండదు, ఆపై మజూరీ. ఏడాదికొకటి చొప్పున కొనుక్కోవచ్చు. మనవరాలు పుట్టిన ఏడాది ఒకటి, అబ్బాయికి ఉద్యోగం వచ్చిన ఏడాది ఇంకొకటి. తీగ పనిలో వెండి కంటే ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీల్లోంచే చెట్టు మీది దీపం కాంతి తొంగిచూస్తుంది.

ఓజాల డోక్రా సంగతి వేరు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం ఉషెగాంలో తేనెమైనం తీగలు చుట్టి, మట్టి కప్పి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోసి చేసే గంటలు, పిట్టలు ముచ్చటగా ఉంటాయి. వీటికీ 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ బరువు! సరుగుడు కొమ్మ మోయలేదు. గంటను గుమ్మానికి కట్టండి, పిట్టల్ని పశువులపాక దగ్గర పెట్టండి.

గునుగు దాచారా?

డబ్బు ఖర్చు లేని అలంకరణ ఒకటుంది. అయితే దసరా నాడే తలుచుకోవాలి. బతుకమ్మకు తెచ్చిన గునుగులో ఓ గుప్పెడు పక్కన పెట్టి, కాడలు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే డిసెంబరుకు కూడా ఆ పువ్వు రూపు చెడదు. తెల్లగానే ఉంచితే వెండి కుచ్చు, రంగు నీళ్లలో ముంచితే ఎర్రటి కొవ్వొత్తి. చెట్టు కొమ్మల మధ్య నిలబెట్టి చూడండి.

గింజల దండలు పిల్లలకు ఇష్టం. నల్లటి కుంకుడు గింజలు, సీతాఫలం గింజలు, చింతగింజలు చాలు. గురివింద గింజలు మాత్రం వద్దు. ఎరుపు నలుపుల్లో ఎంత అందంగా ఉన్నా అవి విషం. నమిలితే ప్రాణాల మీదికొస్తుంది.

వీధి గుమ్మానికి కట్టే పెద్ద నక్షత్రానికి బుల్లి చెల్లెలు కావాలంటే కొబ్బరి చీపురు ఈనెలు తీసుకోండి. జానెడు పొడవున్నవి పది. అయిదింటితో ఒక నక్షత్రం, మరో అయిదింటితో ఇంకొకటి కట్టాలి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొనలూ దారంతో ముడివేయాలి. లోపల ఈనెలు దాటుకునే అయిదు చోట్ల అంగుళం ముక్కల్ని నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. పైన రంగు గాజు కాగితం అతికించడమే.

ఒక్క జాగ్రత్త. పూర్వం చెట్టుకు నిజం కొవ్వొత్తులు వెలిగించి ఇళ్లు కాల్చుకున్నవాళ్లున్నారు. 1882లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ జాన్సన్ విద్యుద్దీపాలు కట్టాక ఆ భయం తగ్గింది, పోలేదు. ఎండిన సరుగుడు, దూది, కాగితం, వేడెక్కిన సీరియల్ లైటు ఒకచోట చేరితే ప్రమాదమే. దూది దీపాలకు దూరంగా ఉంచండి. పడుకునే ముందు స్విచ్ తీసేయండి.

పండగయ్యాక చెట్టు విప్పేటప్పుడు వెండి నక్షత్రాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి గాలి చొరని సంచిలో పెట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి, నల్లబడుతుంది. నల్లబడితే కుంకుడు రసంతో కడగండి. చింతగింజల పండ్లంటే పురుగులకు ప్రాణం కాబట్టి డబ్బాలో ఎండు వేపాకు వేసి దాచండి. పత్తికాయలను దాచక్కర్లేదు. వచ్చే డిసెంబరుకు చేలో మళ్లీ విచ్చుకుంటాయి.