విద్యుత్తుకు వేళను బట్టి వెల

కాలాన్ని బట్టి ధర మారడం నూజివీడు ప్రాంతంవారికి కొత్త కాదు. తొలికోత బంగినపల్లికి పలికిన వెల, కాయ ముమ్మరంగా దిగే రోజులలో పలుకదు. ఇంటి విద్యుత్తుకు కూడ ఈ న్యాయమే వర్తింపజేయాలన్న విధానం నేడు మన ముందున్నది. దాని మంచిచెడ్డలు తెలుసుకోవడం అవసరం.

పాత మీటరు ఎన్ని యూనిట్లు ఖర్చయినవో మాత్రమే చెబుతుంది. స్మార్టు మీటరు ఏ వేళ ఎంత ఖర్చయినదో కూడ నమోదు చేస్తుంది. 2023 జూన్‌లో కేంద్రప్రభుత్వం సవరించిన నిబంధనల ప్రకారం, ఈ మీటరున్న ఇండ్లకు ఎండ కాసే ఎనిమిది గంటలలో రేటు మామూలు రేటుకంటె కనీసం 20 శాతం తక్కువగాను, రద్దీ వేళలో కనీసం 10 శాతం ఎక్కువగాను ఉండాలి. వ్యవసాయానికి మినహాయింపు కలదు. వేళలను, రేట్లను నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి.

దీనికి కారణం సూర్యుడే. 2017లో పూర్తయిన కర్నూలు సౌరపార్కు సామర్థ్యమే 1000 మెగావాట్లు. ఇటువంటి కేంద్రాలనుండి మధ్యాహ్నం విద్యుత్తు పుష్కలంగా వస్తుంది. ప్రొద్దు గ్రుంకగానే ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంటింటా దీపాలు వెలుగుతాయి. ఆ లోటును ఇబ్రహీంపట్నం బొగ్గు కేంద్రం, శ్రీశైలం జలవిద్యుత్కేంద్రం వంటివి పూరించాలి.

మామూలు రేటు యూనిట్టుకు 5 రూపాయలనుకుందాం. అప్పుడు పగటి రేటు 4 రూపాయలు, రద్దీ రేటు 5.50 అవుతుంది. ఒక అశ్వశక్తి మోటారు గంటసేపు నడిస్తే సుమారు ముప్పాతిక యూనిట్టు ఖర్చు. దానిని సాయంత్రానికి బదులు మధ్యాహ్నం నడిపితే నెలకు సుమారు 34 రూపాయలు మిగులుతాయి.

కాని ఈ లాభం పగలు ఇంట ఉండేవారిది. మామిడి తోటలలో కాయ కోసే కూలీల ఇండ్లకు ఆ చౌకవేళలో తాళాలుంటాయి. వారి వంట, నీళ్ళు, పిల్లల చదువు అన్నీ దీపాలు పెట్టిన తరువాతనే. రంజాన్ ఏ ఋతువులో వచ్చినా ఇఫ్తారు సూర్యాస్తమయానికే గదా! దానిని మధ్యాహ్నానికి జరుపలేము.

కావున తక్కువ వాడకం గల ఇండ్లకు పగటి తగ్గింపు ఇచ్చి, రద్దీ వేళ హెచ్చింపునుండి మినహాయించడం న్యాయమని మా అభిప్రాయం. బిల్లుపై వేళల వివరాలు తెలుగులోను, ఉర్దూలోను స్పష్టంగా ఉండాలి. ఆ బిల్లును ఇరుగుపొరుగులకు చదివి బోధపరచడం విద్యార్థులమైన మన విధి.