రెండవ వడ్డనలో అమృతం

నవ్వించే మనిషికి నడివయస్సు వస్తే అతన్ని చూచి నవ్వుతామా, జాలిపడతామా? "అమృతం ద్వితీయం" చూచినప్పటినుంచీ యీ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మొదటి "అమృతం" సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. గుణ్ణం గంగరాజుగారి ఆధ్వర్యాన 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా సాగింది. ఆదివారం రాత్రి మా యింట్లో కంచాలు టీవీ ముందుకే చేరేవి. హోటలు పెట్టి బాగుపడాలనుకునే అమృతరావు, వెన్నంటి మునిగే ఆంజనేయులు, అద్దెకోసం పీకలమీద కూర్చునే అప్పాజీ, వడ్డించే సర్వం - నలుగురూ మన వీధివాళ్లే అనిపించేవారు.

రెండవది 2020 ఉగాదినాడు జీ5లో వచ్చింది. లాక్‌డౌను మొదలయిన రోజూ అదే. వచ్చిన వేళ అటువంటిది! మొదటిదాన్ని తలచుకుని నవ్వేవాళ్లు మా కాలేజీలో పదిమంది వున్నారు. రెండవదాన్ని చూచినవారు నాకు ఒక్కరూ కనబడలేదు. చందా కట్టి ఎవరి ఫోనులో వారు చూచుకునే నాటకం మర్నాడు అరుగుమీద కబురు కాదు మరి.

ఇంకొక కారణమూ వుంది. ఆంజనేయులుగా అందరి మనస్సుల్లో నిలిచిన గుండు హనుమంతరావుగారు 2018లో కన్నుమూశారు. ఆ పీటమీద ఎల్.బి. శ్రీరాంగారు కూర్చున్నారు. ఆయన మన నేదునూరు మనిషి. "అమ్మో! ఒకటో తారీఖు" (2000)లో జీతం రాళ్లతో యిల్లు నెట్టుకురాలేక నలిగిపోయే సంసారిగా నవ్వించి, ఆ వెంటనే కంట తడి పెట్టించిన నటుడు. అయినా అలవాటుపడిన నోటికి కొత్త చేతి వంట ఒకపట్టాన రుచించదు.

పోలిక మాని చూడండి. హర్షవర్ధన్‌గారి అమృతరావు నెత్తిన ఇప్పుడు యేళ్ల బరువు వుంది. కుర్రవాడు హోటలు పెట్టి మునిగితే అది హాస్యం. నలభై దాటినవాడు అదే హోటలు తలుపులు మళ్లీ తీస్తే హాస్యంతోపాటు గుండె నిబ్బరమూ కనబడుతుంది. గిట్టుబాటు లేక 2011లో పంట విరామం ప్రకటించిన కోనసీమ రైతు తరవాత మళ్లీ నారు పొయ్యలేదూ? కొబ్బరి ధర పడిపోయినా దింపు తియ్యడం మానుతున్నామా?

హాస్యం అక్కడక్కడ సాగిన మాట నిజమే. అయినా అమృతరావును చూచి నవ్వడమంటే మన ఓటముల్ని మనమే క్షమించుకోవడం. వీలైతే ఒక ఆదివారం యింటిల్లిపాదీ కూర్చుని చూడండి. రెండవ వడ్డన గదా, చల్లారి వుంటుందనుకుని విస్తరి ముందునుంచి లేచిపోకండి.