డిలీట్ చేసినా చెరగని ఫైలు

డిలీట్ చేసిన ఫైలు ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. ఈ సంగతిని కళ్లారా చూపించిన పాత పనిముట్టు, డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డీబగ్. టిమ్ ప్యాటర్సన్ 1980లో 86-డాస్ కోసం రాసిన ఈ ప్రోగ్రాము, తర్వాత ఎంఎస్-డాస్‌తో పాటు ఇళ్లకూ ఆఫీసులకూ చేరింది. తెరిస్తే ఒక చిన్న అడ్డగీత మాత్రమే కనిపిస్తుంది. మెనూ లేదు, హెచ్చరికలు లేవు.

1.44 ఎంబీ ఫ్లాపీలో 512 బైట్ల సెక్టర్లు 2,880 ఉంటాయి. సున్నా నంబరుది బూట్ సెక్టరు. 1 నుంచి 18 దాకా, ఏ ఫైలు ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే ఫ్యాట్ పట్టిక, దాని నకలు. 19 నుంచి 32 దాకా ఫైళ్ల జాబితా. డీబగ్‌కు తెలిసినవి హెక్సాడెసిమల్ అంకెలే కాబట్టి 19ని 13 అని రాయాలి. 'ఎల్ 100 0 13 1' అని కొడితే, ఎ డ్రైవులోని ఆ సెక్టరు మెమరీలో 100వ చిరునామాకు వస్తుంది. 'డి 100' అంటే దాని మొదటి భాగం తెరమీద పరుచుకుంటుంది.

ఒక్కో ఫైలుకు ఆ జాబితాలో 32 బైట్లు. మొదటి 11 పేరుకు, చివరి నాలుగు సైజుకు, వాటికి ముందున్న రెండు ఫైలు మొదలయ్యే చోటుకు. డిలీట్ చేసినప్పుడు డాస్ పేరులోని మొదటి అక్షరాన్ని మాత్రం తీసి ఈ5 పెడుతుంది. సైజు, మొదలయ్యే చోటు అలాగే ఉంటాయి. ఫ్యాట్ పట్టికలో ఆ ఫైలు ముక్కల వరుసను చూపే గొలుసు సున్నాలైపోతుంది. అసలు సమాచారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. జపాన్ లిపిలో కొన్ని అక్షరాల కోడ్ ఈ5తోనే మొదలవుతుంది. అలాంటి పేరు చెరిగిపోయినట్టు కనిపించకుండా డాస్ అక్కడ 05 రాసుకుంటుంది. ఎంత ముందుచూపో!

ఫైలును తిరిగి తేవాలంటే, పోయిన అక్షరం ఎల్ అయితే, ఈ5 స్థానంలో 4సి పెట్టి, 'డబ్ల్యూ' ఆదేశంతో సెక్టరును తిరిగి రాయాలి. తెగిన గొలుసును కూడా అతకాలి, కష్టమంతా అక్కడే. ఫ్లాపీ ఫ్యాట్ పట్టికలో రెండేసి ఎంట్రీలు కలిసి మూడు బైట్లలో ఇరుక్కుని ఉంటాయి. డ్రైవు నంబరు సున్నాకు బదులు 2 పడితే ఆ రాత హార్డ్ డిస్కు మీదికి పోతుంది. డీబగ్ అడ్డు చెప్పదు.

ఫ్యాట్32 పెన్‌డ్రైవుల్లో ఇప్పటికీ అదే ఈ5 గుర్తు. క్విక్ ఫార్మాట్ కూడా పట్టికలనే ఖాళీ చేస్తుంది. కాబట్టి పెన్‌డ్రైవును ఇంకొకరికి ఇచ్చేముందు, విండోస్‌లో క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి.