గడ్డకట్టే నెత్తురు

పిల్లలూ! ఆటలో పడి మోకాలు గీరుకుంటే నెత్తురు వస్తుంది. కొద్ది నిమిషాలకు దానంతటదే ఆగిపోతుంది. ఎట్లా? నెత్తురులో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలున్నాయి. గాయం తగిలిన చోట అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. అంతలో ఫైబ్రినోజన్ అనే పదార్థం ఫైబ్రిన్ దారాలుగా మారి వాటిచుట్టూ వల అల్లుతుంది. అదే గడ్డ.

ప్రాణం కాపాడే ఈ గుణమే ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. గుండె కండరానికి నెత్తురు అందించే ధమనుల గోడల్లో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుంటుంది. దానిపై పొర చిట్లిందా, గాయమైనట్టే అక్కడ నెత్తురు గడ్డకడుతుంది. దారి మూసుకుపోయి, కండరం చావడం మొదలవుతుంది. ఇదే గుండెపోటు. ఇలా ధమని మూసుకుపోయినా రోగి బతకవచ్చునని చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లోనే రాశాడు.

పొగతాగేవారి నెత్తురులో ఫైబ్రినోజన్ ఎక్కువవుతుంది. ఇంట్లో ఎవరైనా చుట్టో, సిగరెట్టో తాగుతుంటే ఈ సంగతి చదివి వినిపించండి. పెద్దలెవరికైనా ఛాతీ బరువెక్కి నొప్పిపెట్టి, చెమటలు పోస్తే, "అజీర్ణంలే" అంటూ ఊరుకోనివ్వకండి. వెంటనే 108కి ఫోను చేయించండి. గడ్డను కరిగించే మందులున్నాయి. అవి ఎంత త్వరగా అందితే గుండె అంత దక్కుతుంది.