టాపు దించాక గాలి ఎటు వీస్తుంది?

కాలిఫోర్నియాలో పసిఫిక్ సముద్రాన్ని ఆనుకుని సాగే హైవే 1 మీద సెలవుల కాలంలో టాపు దించిన కార్లు చాలా కనిపిస్తాయి. వాటిలో అద్దె బళ్లకు కొదవుండదు. విమానం దిగి, ఏ ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబులో రెండు మూడు రోజులకు తీసుకుని, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దక్షిణంగా బయల్దేరతారు. అక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి, దక్షిణానికి వెళ్లేవాళ్లకు సముద్రం చెయ్యి చాచినంత దగ్గరగా ఉంటుంది. బే ఏరియాలో స్థిరపడ్డ మన పిల్లలు కూడా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఒక్కసారైనా ఇలా తిప్పాలని ముచ్చటపడుతుంటారు. తీర్చుకోదగ్గ ముచ్చటే. అయితే కారు పైకప్పు పని ఎండావానా ఆపడంతో అయిపోదు. గాలిని దారిలో పెట్టేది, బండి ఒళ్లు బిగువుగా ఉంచేది, చెవినీ చర్మాన్నీ కాసేది కూడా అదే. అది లేనప్పుడు ఏమవుతుందో తెలుసుకుంటే, టాపు ఎక్కడ దించాలో ఎక్కడ వేసుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందు గాలి సంగతి. టాపు లేని కారులో గాలి ఎదురుగా కొట్టి జుట్టు వెనక్కి ఎగురుతుందని సినిమాలు మనకు నేర్పాయి. ఎక్కి కూర్చుంటే జరిగేది వేరు. వేగం అందుకోగానే జుట్టు మెడ వెనక నుంచి లేచి, చెవుల పక్కగా ముందుకొచ్చి, కళ్ల మీదా పెదాల మీదా పడుతుంది. వెనక సీట్లో వదిలేసిన పేపర్ నాప్కిన్ లేచి, ముందు సీట్ల మధ్య సందులోంచి డ్రైవరు మోచేతి దగ్గరికి వస్తుంది. కారు ముందుకు పోతుంటే గాలి వెనక నుంచి ఎందుకొస్తుంది?

ముందు అద్దం మీదుగా పైకెక్కిన గాలి దాని పై అంచు దగ్గరికి వచ్చేసరికి చాలా వేగంగా ఉంటుంది. టాపు ఉంటే దాన్నే అంటిపెట్టుకుని వెనక్కి జారిపోయేది. అది లేకపోవడంతో అంచు దగ్గర విడిపోయి, మన తలల మీదుగా దూకి, వెనక డిక్కీ దగ్గర మళ్లీ కిందికి దిగుతుంది. ఆ ప్రవాహం పోతూ పోతూ కింద సీట్ల దగ్గరున్న గాలిని తనతో లాక్కుపోతుంది. అలా ఖాళీ అయిన చోట ఒత్తిడి తగ్గుతుంది. దాన్ని నింపడానికి డిక్కీ దగ్గర దిగిన గాలిలో కొంత వెనుదిరిగి, వెనక సీటు మీదుగా ముందుకు పారుతుంది. అంటే మనం కూర్చున్నది నిరంతరం తిరిగే ఒక సుడిలో. మెడ మీద చల్లగా తగిలేది ఆ సుడి కింది భాగం.

ఇది అర్థమైతే మందు కూడా తెలిసిపోతుంది. గాలిని ముందు కాదు, వెనక అడ్డుకోవాలి. ముందు సీట్ల వెనక నిలబెట్టే జల్లెడ తెర చేసే పని అదే. చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూరేసరికి వెనుదిరిగే గాలి జోరు చచ్చిపోతుంది. అద్దె కారులో ఆ తెర ఉందో లేదో తాళం తీసుకునేటప్పుడే అడగడం మంచిది. లేకపోతే పక్క అద్దాలు నాలుగూ పైకెత్తండి, సగం బాధ పోతుంది. మెర్సిడెస్ కంపెనీ 2004లో ఎస్‌ఎల్‌కే మోడల్‌తో ఎయిర్‌స్కార్ఫ్ అనే ఏర్పాటు తెచ్చింది. సీటు తలాన్పులోంచి వెచ్చటి గాలి సరిగ్గా మెడ మీదికి వస్తుంది. ఇంజినీర్లు చలి ఎటు నుంచి వస్తుందో చూసి, మందు అక్కడే పెట్టారన్నమాట.

చలి అంటే అక్కడ నిజంగా చలే. జులైలో కూడా శాన్‌ఫ్రాన్సిస్కో పగటి ఉష్ణోగ్రత సగటున 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వేసవిలో ఆ తీరం వెంట గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. భూమి తిరుగుతుండటం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పైనీరు ఆ గాలికి కుడివైపు, అంటే ఇక్కడ తీరానికి దూరంగా జరుగుతుంది. ఆ ఖాళీలోకి లోతుల్లోని చన్నీళ్లు పైకొస్తాయి. దీని వెనకున్న లెక్కను స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ 1905లో ప్రచురించాడు. సముద్రం మీది తేమగాలి ఆ చన్నీళ్లకు తగిలి పొగమంచుగా మారి కొండల దాకా వచ్చేస్తుంది. అందుకే బంగారు ఎండను ఊహించుకుని జూన్‌లో వెళ్లినవాళ్లకు తెల్లటి మంచు ఎదురవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకాశం తేటపడుతుంది. టాపు దించే ఆశతో వెళ్లేవాళ్లకు నేను ఆ నెలలే చెబుతాను.

చల్లగాలి సుఖంగానే ఉంటుంది కానీ, ఎండ విషయంలో మనల్ని మోసం చేస్తుంది. చర్మం కమిలేది సూర్యుడి అతినీలలోహిత కిరణాల వల్ల. వాటిని పసిగట్టే శక్తి మన చర్మానికి లేదు. ఒంటికి వెచ్చగా తగిలేవి పరారుణ కిరణాలూ మామూలు వెలుతురూ. ఊళ్లో ఎండలో నిలబడితే ఆ వేడికి తాళలేక నీడకు పోతాం, దాంతో అతినీలలోహితం నుంచి కూడా తప్పించుకుంటాం. టాపు లేని కారులో గాలి ఆ వేడిని ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది, నీడకు పొమ్మని ఒళ్లు చెప్పదు, అతినీలలోహితం మాత్రం అంతే పడుతుంటుంది. సాయంత్రం హోటల్లో స్నానానికి దిగి నీళ్లు పడితే గానీ భుజాలు భగ్గుమన్న సంగతి తెలియదు. మబ్బుందని ధీమా పడటానికీ లేదు. పలచటి మబ్బులోంచి అతినీలలోహితం 80 శాతం దాకా దూసుకొస్తుంది. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అటు నుంచి వచ్చే ఈ కిరణాలు దాదాపుగా ఆగిపోతాయి. నడినెత్తి మీది సూర్యుడికి మాత్రం అడ్డేమీ లేదు. మన ఒంటి రంగులోని మెలనిన్ కొంత కాస్తుంది, పూర్తిగా కాయదు. కళ్లకైతే ఆ కాపుదల కూడా లేదు. రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్, కళ్లకు నల్లద్దాలు, గడ్డం కింద తాడున్న టోపీ తప్పనిసరి అంటాను.

చప్పుడు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. టాపు దించి హైవే వేగంతో పోతుంటే చెవి దగ్గర శబ్దం 85 డెసిబెళ్లు దాటడం మామూలే. వినికిడికి ఢోకా లేకుండా 85 డెసిబెళ్లను 8 గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమైపోతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండే. ఆ హోరును మించి పాటలు పెట్టుకుంటే లెక్క ఇంకా తగ్గుతుంది.

ఇక ఉక్కు. చెప్పులు కొన్నప్పుడు ఇచ్చే అట్టపెట్టెను మూత బిగించి రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టి చూడండి, లొంగదు. మూత తీసేసి మెలిపెడితే సులువుగా వంకర తిరుగుతుంది. కారూ అంతే. టాపు కోసేస్తే గతుకుల్లో బండి ఒళ్లు మెలి తిరుగుతుంది, స్టీరింగూ అద్దం చట్రమూ సన్నగా వణుకుతాయి. అందుకని తలుపుల కింది పట్టీలను దిట్టం చేస్తారు, నేల అడుగున అడ్డకడ్డీలు బిగిస్తారు, ముందు అద్దం పక్క స్తంభాల్లో గట్టి ఉక్కు పెడతారు. అందువల్లే టాపు లేని బండి ఉన్నదానికంటే బరువెక్కువ తూగుతుంది. బోల్తా పడితే ఎలాగన్న భయం ఒకప్పుడు ఈ కార్లనే తుడిచిపెట్టేలా ఉండేది. అమెరికాలో కఠిన నిబంధనలు రాబోతున్నాయన్న అంచనాతో కంపెనీలు ఒక్కొక్కటిగా తయారీ మానేశాయి, 1976 కాడిలాక్ ఎల్డొరాడోను చివరి అమెరికన్ కన్వర్టిబుల్ అని ప్రచారం చేసి అమ్మారు. 1982లో క్రైస్లర్ లెబారన్‌తో అవి తిరిగొచ్చాయి. 1989లో మెర్సిడెస్ ఎస్‌ఎల్, బండి బోల్తా పడబోతోందని పసిగట్టి సుమారు 0.3 సెకన్లలో తలల వెనక ఉక్కు కమ్మీని పైకి లేపే ఏర్పాటుతో వచ్చింది. ఇదంతా సీటు బెల్టు పెట్టుకున్నవాళ్లకే పనికొస్తుంది. వెనక సీటు అంచు మీదెక్కి కూర్చుని ఫొటోలు దిగే పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

మన ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్, మెడలోని పొడవాటి స్కార్ఫ్ ఓపెన్ కారు చక్రంలో చిక్కుకుని చనిపోయింది. ఇప్పటి కార్లలో చక్రాలు లోపలికే ఉన్నా, చున్నీ వదులుగా ఉంటే డ్రైవరు కళ్లకు అడ్డం పడటానికి ఒక్క క్షణం చాలు. పమిట నడుముకు దోపి, చున్నీ తీసి డిక్కీలో పెట్టి బయల్దేరాలి.

టాపు ఎక్కడ వేసుకోవాలో వేగాన్ని బట్టి తేల్చుకోవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 12 కిలోల బరువుతో సమానం. 100 దగ్గర అది 47 కిలోలు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. చాలా కార్లు టాపును నిలబడి ఉన్నప్పుడో, మెల్లగా పోతున్నప్పుడో తప్ప కదలనివ్వకపోవడానికి కారణం ఇదే. గాలి సగం పట్టిన టాపును ఆ చిన్న మోటారు ఆపలేదు. కాబట్టి లోపలి వైపు సాగే 101 హైవే మీద టాపు వేసుకునే పోవడం మేలు. కార్మెల్ దాటి, 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన మీదుగా బిగ్ సర్ కొండల్లోకి దిగాక మలుపులే వేగాన్ని అదుపులో పెడతాయి. సుడి నెమ్మదిస్తుంది, చెవికి హోరు తగ్గి అలల చప్పుడు వినిపిస్తుంది, యూకలిప్టస్ వాసన తెలుస్తుంది. శాన్ సిమియన్ దగ్గర పియెడ్రాస్ బ్లాంకాస్ ఒడ్డున ఏనుగు సీళ్ల అరుపులు కారు ఆపకముందే చెవిన పడతాయి. టాపు దించాల్సింది అక్కడ. ఆ కొండచరియలు విరిగిపడి రోడ్డు తరచూ మూతపడుతుంటుంది, అద్దె కారు బుక్ చేసేముందే కాలిఫోర్నియా రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ ఇచ్చే సమాచారం చూసుకోండి.