సీతాకోకచిలుక దాచుకున్న రెక్కలు

బెంగుళూరులో కోరమంగళ రెండో బ్లాకు మీదుగా రోజూ వెళ్ళివచ్చే మనవాళ్ళలో చాలామందికి అక్కడి భారత ఖగోళభౌతిక సంస్థ బోర్డు చూసిన గుర్తు ఉండే ఉంటుంది. "ఈ ఊళ్ళో రాత్రిపూట నాలుగు చుక్కలు కనపడటమే గగనం. వీళ్ళు ఇక్కడ కూర్చుని ఏ నక్షత్రాలు చూస్తారండీ?" అని ఒక మిత్రుడు నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

నిజానికి వాళ్ళు చూసే ఆకాశం బెంగుళూరు మీద లేదు. కొంత తమిళనాట జవ్వాది కొండల్లోని కావలూరులో ఉంది. కొంత లడఖ్‌లోని హన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున ఉంది. ఆ హన్లే టెలిస్కోపును మన పక్కనున్న హోసకోట నుంచే ఉపగ్రహం ద్వారా నడుపుతారు. ఇక మూడోచోటు భూమ్మీద లేనే లేదు. నేలకు 650 కిలోమీటర్ల పైన తిరిగే ఆస్ట్రోశాట్ అనే ఉపగ్రహంలో ఉంది. నేను చెప్పబోయేది ఆ మూడోదాని గురించి.

ముందుగా ఒక్కమాట. ఈ సంస్థను 1971లో స్వతంత్ర సంస్థగా నిలబెట్టిన వైను బప్పు గారికి మన హైదరాబాదుతో గట్టి బంధమే ఉంది. కుటుంబానిది కేరళ. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బప్పు నిజాం కళాశాలలో చదువుకుని, హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో హార్వర్డుకు వెళ్ళి, అక్కడ 1949లో ఒక కొత్త తోకచుక్కను పట్టుకున్నారు. దానికి ఆయన పేరు, మరి ఇద్దరి పేర్లు కలిపి పెట్టారు. 1982లో ఆయన కన్నుమూశారు. తాను పెంచిన సంస్థ అంతరిక్షంలోకి టెలిస్కోపును పంపడం చూసే అదృష్టం ఆయనకు లేకపోయింది.

ఇంతకీ టెలిస్కోపును అంత పైకి మోసుకుపోవడం దేనికి? మన కంటికి కనిపించే వెలుగు నక్షత్రాలు పంపే వెలుగులో ఒక ముక్క మాత్రమే. వేడివేడి నక్షత్రాలు ఎక్కువగా చిమ్మేది అతినీలలోహిత కిరణాలను. వాటిని చాలావరకు మన గాలిలోని ఓజోనూ, ప్రాణవాయువూ మింగేస్తాయి. మింగబట్టే మనం బతికి ఉన్నాం, అది వేరే సంగతి. కానీ ఖగోళ శాస్త్రజ్ఞుడికి మాత్రం ఆ కిటికీ మూసేసినట్టే. దాన్ని తెరవాలంటే గాలిపొర దాటి వెళ్ళక తప్పదు.

అందుకని తయారైనదే యూవిట్ అనే పరికరం. 38 సెంటీమీటర్ల అద్దాలున్న జంట టెలిస్కోపులు. అద్దం మన ఇంట్లో పెద్ద పళ్ళెమంత ఉంటుందన్నమాట. ఒకటి దూర అతినీలలోహితాన్ని చూస్తుంది. రెండోది సమీప అతినీలలోహితాన్నీ, మామూలు వెలుగునూ చూసేలా చేశారు. పుణే, ముంబయి సంస్థలూ, ఇస్రో, కెనడా అంతరిక్ష సంస్థ చేతులు కలపగా, దీన్ని హోసకోటలోని ఎం.జి.కె. మీనన్ ప్రయోగశాలలో కూర్చారు. దుమ్ము సంగతి అటుంచి, అద్దంమీద కంటికి కనపడని నూనె ఆవిరి పొర పేరుకున్నా చాలు, ఈ కిరణాలు అక్కడే ఆగిపోతాయి. అందుకే 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మీద బయలుదేరినా, రెండు నెలలపాటు యూవిట్ మూతలు తీయలేదు. ఉపగ్రహంలో చిక్కుకున్న ఆవిర్లన్నీ శూన్యంలోకి పోయేదాకా ఆగి, నవంబరు 30న తెరిచారు. పదేళ్ళకు పైగా చేసిన పని కళ్ళు తెరుస్తుందా లేదా అని ఆ రెండు నెలలూ ఎదురుచూసినవాళ్ళ అవస్థ మనం ఊహించుకోవలసిందే.

తెరిచింది. ఏం చూసింది అన్నదానికి చాలా చెప్పవచ్చు గాని, నాకు బాగా నచ్చింది ఒకటుంది.

వేసవి రాత్రుల్లో దక్షిణాన వృశ్చికరాశి తేలిగ్గా గుర్తుపట్టవచ్చు. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. తోక కొసన ఉండేది మూల. మూలా నక్షత్రపు పిల్ల అనగానే వెనక్కి తగ్గే పెళ్ళివారు ఇంకా ఉన్నారు గాని, పాపం ఆ చుక్క ఎవరికీ ఏమీ చేయలేదు! దానికి కాస్త పడమరగా, మామూలు కంటికి ఆనకుండా, సుమారు 3,400 కాంతి సంవత్సరాల దూరాన ఎన్.జి.సి. 6302 అనే నిహారిక ఉంది. రెండు రెక్కలు విప్పినట్టు ఉంటుంది కనుక సీతాకోకచిలుక నిహారిక అంటారు. 2009లో హబుల్ టెలిస్కోపు తీసిన దాని రంగుల బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మీ పిల్లల పుస్తకాల్లోనూ ఉండవచ్చు.

ఇది ఒక నక్షత్రపు అంత్యదశ. సూర్యుడిలాంటివీ, అంతకు కొన్ని రెట్లు బరువైనవీ చివరిదశలో ఉబ్బి, తమ పైపొరలను బయటికి విసిరేస్తాయి. లోపల మిగిలిన కణిక భగభగ మండుతూ ఆ వాయువును వెలిగిస్తుంది. సీతాకోకచిలుక మధ్యనున్న కణిక వేడి రెండు లక్షల డిగ్రీల పైమాటే. మన సూర్యుడికీ సుమారు 500 కోట్ల ఏళ్ళ తరువాత ఇలాంటి దశ రావలసిందే. అయితే శాస్త్రజ్ఞులకు లెక్క ఒకటి కుదరడంలేదు. నక్షత్రం పోగొట్టుకోవలసిన ద్రవ్యం ఎంతో తెలుసు. నిహారికలో కనిపించేది అందులో కొంతే. మిగతాది ఎటు పోయింది?

కోరమంగళ సంస్థలో దశాబ్దాలపాటు పనిచేసిన ఆచార్య ఎన్. కామేశ్వరరావు గారు (వినగానే మనకు చుట్టాల పేరులా తోచే పేరు), సహచరులతో కలిసి యూవిట్‌ను ఇటువంటి నిహారికల వైపు తిప్పించారు. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. సీతాకోకచిలుకకు ఇంతకుముందెవరూ చూడని పెద్ద రెక్కలు బయటపడ్డాయి! మధ్య నుంచి ఇటూ అటూ చెరో 5 ఆర్కుమినిట్లు, అంటే కొస నుంచి కొసకు ఆకాశంలో చందమామ వెడల్పులో మూడోవంతు. తెలిసిన రెక్కలకంటే ఎంతో పెద్దవి. పైగా దిక్కు కూడా వేరు.

హబుల్ అద్దం 2.4 మీటర్లు. అంతటిది చూపని రెక్కలు పళ్ళెమంత అద్దానికి ఎలా దొరికాయి? హబుల్ చూపు నిశితమైనదే గాని ఇరుకు. ఈ రెక్కలు అందులో పట్టవు. యూవిట్ ఒక్కసారికి దాదాపు చందమామంత ఆకాశాన్ని పట్టుకుంటుంది. అదీగాక అది చూసే వెలుగు వేరు. అసలు కీలకం ఇక్కడే ఉంది. రెక్కలు 161 నానోమీటర్ల దగ్గరి ఫిల్టరులో మాత్రమే కనబడ్డాయి. పక్కనే 172 దగ్గర ఉన్న ఫిల్టరులో లేవు! దుమ్ముమీద పడి చెదిరిన వెలుగైతే రెండింటిలోనూ కనిపించాలి. కనుక ఇది చల్లని ఉదజని అణువుల వెలుగు కావచ్చునని వారు భావించారు. ట్యూబులైటులో జరిగేది గుర్తు చేసుకోండి. లోపల పుట్టే అతినీలలోహితం గాజుకు పూసిన పొడిని తాకితే పొడి వెలుగుతుంది. ఇక్కడ పొడికి బదులు ఉదజని అణువులు. అవి చల్లగా ఉన్నంతసేపు మామూలు టెలిస్కోపులకు చిక్కవు. ఎన్.జి.సి. 40 అనే మరో నిహారిక చుట్టూ కూడా ఇలాంటి వెలుగుమండలమే దొరికింది. లెక్కకు రాని ద్రవ్యంలో కొంత ఇలా చీకట్లో దాగి ఉందన్నమాట.

మనకందరికీ తెలిసిన రెక్కలు, మనకు కనిపించే బొమ్మను బట్టి, సుమారు 2,200 ఏళ్ళనాటి పేలుడులో పుట్టినవి. ఇంచుమించు మన శాతవాహనుల తొలినాళ్ళు. కొత్తగా దొరికినవి అంతకుముందు దశకు చెంది ఉండవచ్చు. దిక్కు ఎందుకు మారిందో తేలలేదు. నక్షత్రానికి జోడీ ఉండి, రెండుసార్లు దానితో తగవు పడిందేమోనని ఒక ఊహ.

చంద్రయానం అంటే టీవీల ముందు కూర్చుని చప్పట్లు కొట్టాం. కొట్టవలసిందే. ఈ పనికి మాత్రం చప్పట్లు తక్కువే వినబడ్డాయి. ఐదేళ్ళకని పంపిన ఆస్ట్రోశాట్‌కు 2025 సెప్టెంబరులో పదేళ్ళు నిండాయి. యూవిట్‌లోని సమీప అతినీలలోహిత విభాగం 2018లోనే పనిచేయడం మానేసింది. అమెరికావారి గాలెక్స్ 2013లో ఆగిపోయింది. హబుల్ 1990 నాటిది. అంటే ఆకాశంలో ఈ కిటికీ తెరిచి చూసే కళ్ళు కొద్దే, ఉన్నవి ముసలివవుతున్నాయి. మీటరు అద్దంతో ఇన్సిస్ట్ అనే కొత్త టెలిస్కోపును కోరమంగళవారు ప్రతిపాదించారు. ఇలాంటిది కాగితం నుంచి కక్ష్యకు చేరడానికి దశాబ్దం మామూలే కనుక, నిర్ణయం ఆలస్యమైన కొద్దీ మధ్యలో ఖాళీ పెరుగుతుంది.

ఊరట కలిగించే సంగతి ఒకటుంది. ఆస్ట్రోశాట్ చూసిన ప్రతిదీ పీణ్యాలోని నియంత్రణ కేంద్రం మీదుగా, మైసూరు రోడ్డు వైపున్న బ్యాలాలులోని సమాచార భాండాగారానికి చేరుతుంది. పరిశీలన కోరినవారి గడువు తీరాక ఎవరైనా పేరు నమోదు చేసుకుని తీసుకోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి ఈ వీలు ఉంది. ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు. భౌతికశాస్త్రం చదివే మీ అమ్మాయో అబ్బాయో సెలవుల్లో ఏం చేయాలా అని చూస్తుంటే ఈ సంగతి చెప్పండి. సీతాకోకచిలుక బొమ్మలు కూడా అందులోనే ఉన్నాయి. దిక్కు మారిన రెక్కల సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.